పేరు ఉంచండి, టిక్కు తీసేయండి

జూన్ 9, 2003. సోమవారం.

వానలు ఇంకా రాలేదు. ఉక్క. పారాయణ ముగించుకుని ఆఫీసుకి వచ్చేసరికి తమ్ముడు మాధవ ఫోన్లో ఎవరికో నచ్చజెబుతున్నాడు. "సార్... ఒక్క నిమిషం వినండి సార్..." అవతలివాళ్లు విన్నట్టు లేదు. రిసీవర్ పెట్టేసి సంగతి చెప్పాడు.

హైదరాబాద్ నుంచి. మనకి ఇంటర్నెట్ లైను ఇచ్చే కంపెనీ. మన దగ్గర్నుంచి ఏవో పనికిరాని సందేశాలు బయటికి పోతున్నాయట. ఎవరో ఫిర్యాదు చేశారట. నెలాఖరులోగా ఆపకపోతే లైను తీసేస్తారు.

తీసేస్తే వన్ టౌన్, ఆటోనగర్, మంగళగిరి... మన కేబుల్ మీద ఉన్న కంప్యూటర్లన్నీ ఆగినట్టే. తమ్ముడు స్తంభాలెక్కి లాగిన తీగలు. చెల్లెలు వసంత బెంగుళూరు ఉద్యోగం వదిలి వచ్చి నిలబెట్టిన సర్వర్లు. నేను ఎత్తే ఈ ఫిర్యాదుల ఫోను.

ఎవ్వరం సరిగ్గా తినలేదు. దోసకాయ పప్పు మిగిలిపోయింది.


జూన్ 10.

నాకు అర్థమయ్యేలా చెప్పమని వసంతని అడిగాను. "నువ్వు ట్రంక్ ఎక్స్ఛేంజిలో చేశావుగా అక్కా, ఇది నీకే బాగా తెలియాలి" అంది.

నేమ్ సర్వర్ అంటే మన డైరెక్టరీ ఎంక్వయిరీ లాంటిది. పేరు అడిగితే నంబరు చెబుతుంది. అడగడం తప్పు కాదు. కానీ మన కంప్యూటర్లు అడగడం లేదు. చెబుతున్నాయి. 'నా పేరు ఫలానా, నా నంబరు ఫలానా, నీ పుస్తకంలో రాసుకో.' ముక్కూ మొహం తెలియని ఊరి ఎంక్వయిరీకి. అది రాసుకోను అంటుంది. ఐదు నిమిషాలాగి మళ్లీ చెబుతాయి. రాసుకోను. పది నిమిషాలాగి మళ్లీ. ఆ తర్వాత గంటకోసారి. ఈలోపు కరెంటు పోయి వచ్చిందా, మళ్లీ మొదటికి.

"ఎవరు చెప్పమన్నారే వాటిని?"

"ఎవరూ చెప్పమనలేదు. లోపల ఒక టిక్కు ఉంటుంది, పుట్టుకతోనే పెట్టి వస్తుంది. పెద్ద ఆఫీసుల్లో దానికి పనుంది. మిరపకాయల కొట్టులో ఏం పనక్కా?"

ఇరవయ్యారేళ్లు చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. గుడివాడ నుంచి ఒకాయన ఉండేవాడు, లేని నంబరు కోసం రోజంతా పిలిచేవాడు. ఒక్కడి మూలంగా బోర్డు మీద అమ్మాయిలందరం అల్లాడేవాళ్లం. ఇక్కడ ఎందరో.


జూన్ 11.

వసంత మన గేటు దగ్గరే ఆపేసింది, అలాంటివి బయటికి పోకుండా. పదింటికల్లా ఫోన్లు. ఒక కాలేజీ, ఒక బ్యాంకు. వాళ్లకి సొంత నేమ్ సర్వర్లు ఉన్నాయి, అవి బయటికి ఏమీ అడగలేకపోయాయి. మధ్యాహ్నానికి తెరిచేసింది.

"గేటు మూస్తే మంచి కూడా ఆగిపోతోందక్కా. కంప్యూటర్ కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి టిక్కు తియ్యాల్సిందే."


జూన్ 13. శుక్రవారం.

ఫిర్యాదు ఎవరిదో తెలిసింది.

కంప్యూటరుకి సొంత పేరుంటుంది, వెనక ఇంటిపేరు ఉంటుంది అని చెప్పింది వసంత. తెర మీద చూపించింది. మన కంప్యూటర్లన్నిటికీ ఇంటిపేరు ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాల్లో మన నరసింహస్వామి పేరు. చివర చుక్క, కామ్.

లోకంలో ఆ పేరు నిజంగానే ఒకళ్లు తీసుకున్నారట. మారిషస్‌లో ఒక గుడి. తెలుగువాళ్లదే. వాళ్లకో చిన్న మెషీన్, సన్నటి లైను. 'రాసుకోను' అన్న ప్రతిసారీ ఆ మెషీన్ తన చిట్టాలో ఒక వరుస రాసుకుంటుంది. మన పోరు పడలేక చిట్టా నిండిపోయి మెషీన్ నిలబడిపోతోంది. గుడివాళ్ల ఉత్తరాలు ఆగిపోతున్నాయి.

మాధవ బల్ల మీద గుద్దాడు. "అన్నీ ఆ శేషగిరి బిగించిన కంప్యూటర్లే! ఒక్క డిస్కు పెట్టుకుని అందరికీ అదే కాపీ కొడతాడు. ఈ పేరు పెట్టింది వాడే. భక్తి ముదిరి మన కొంప ముంచాడు."

నేనేమీ అనలేదు.


అదే రోజు. సాయంత్రం.

రాయాలి. ఇక్కడైనా రాయాలి.

రెండేళ్లు దాటింది. విజయదశమి. ఈ ఆఫీసు తెరిచిన రోజు. మొదటి కంప్యూటరు శేషగిరే తెచ్చి బిగించాడు. బొట్టు పెట్టి, బంతిపూలు వేశాను. తెర మీద ఏవో పెట్టెలు నింపుకుంటూ పోతున్నాడు. ఒక పెట్టె దగ్గర ఆగాడు.

"ఇక్కడేం రాయమంటారు అక్కయ్యగారూ? ఖాళీగా వదిలేసినా నడుస్తుంది."

సరుకుల చీటీ అయినా పైన శ్రీ రాయకుండా మొదలుపెట్టం మా ఇంట్లో. శుభమా అని మొదలుపెడుతూ ఖాళీ వదలడమేమిటి అనిపించింది.

"ఖాళీ ఎందుకు నాయనా. స్వామి పేరు వెయ్యి. చల్లగా చూస్తాడు."

వేశాడు. ఇంటర్నెట్ కదా అని చివర కామ్ కూడా తగిలించాడు. ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం. ఆ కంప్యూటరు బాగా నడిచింది. చేతికి కలిసొచ్చిందని అతను ఆ డిస్కే దాచుకున్నాడు. తర్వాత బిగించిన ప్రతిదానికీ అదే.

పేరు వేసింది శేషగిరి. వెయ్యమన్నది నేను.


జూన్ 14.

చెప్పలేదు.


జూన్ 15. ఆదివారం.

చెప్పలేదు. పారాయణలో రెండుచోట్ల తప్పాను. ఎప్పుడూ లేదు.


జూన్ 16.

మాధవ శేషగిరిని పిలిపించాడు. నుదుట అదే నిలువు బొట్టు, జేబులో అదే స్క్రూడ్రైవరు. కూర్చోమనలేదు.

"ఏవయ్యా, కంప్యూటర్లు బిగిస్తున్నావా, గుళ్లు కడుతున్నావా?"

"పొరపాటైపోయింది మాధవ గారూ."

"పొరపాటా? నీ పొరపాటు సముద్రం దాటి వెళ్లి కూర్చుంది. రేపట్నుంచి మా కస్టమర్ల దగ్గర నువ్వు కనబడకూడదు. వన్ టౌన్‌లో ప్రతి కొట్టుకీ నేనే చెప్తా, వేరేవాణ్ణి చూసుకోమని."

వసంత అడ్డం పడింది. "ఆగన్నయ్యా, ముందు పని..."

"నువ్వుండవే!"

శేషగిరి ఒక్కసారి నా వైపు చూశాడు. అడుగుతున్నట్టు కాదు. పెద్దావిడ ఎదురుగా ఈ అరుపులేమిటని ఇబ్బంది పడుతున్నట్టు. నా పేరు ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ, "వస్తానండీ అక్కయ్యగారూ" అన్నాడు.

తలూపాను. అంతే చేశాను.

మెట్ల కింద అర షట్టరు కొట్టు అతనిది. ఇద్దరు ఆడపిల్లలు. ఈ పని తప్ప మరోటి రాదు.


జూన్ 17.

తెల్లవారగానే మంగళగిరి బస్సెక్కాను. ఎండ ముదరకముందే కొండెక్కాను. మోకాలు రెండుచోట్ల ఆపింది.

పానకం బిందె ఇచ్చాను. పూజారి గారు శంఖంతో స్వామి నోట్లో పోశారు. గుటక వేస్తున్న చప్పుడు... ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. సగం దగ్గర ఆగింది. "చాలన్నారమ్మా స్వామి." మిగతా సగం నాకు తిరిగి ఇచ్చేశారు.

చాలన్నాక ఇంక పొయ్యరు. ఎవరైనా సరే. ఎంత భక్తి అయినా సరే. అవతలివాళ్లు చాలంటున్నా వినకుండా పోస్తున్నాం మనం, స్వామి పేరు పెట్టుకుని.

ప్రసాదం ఎవరెవరికి ఇవ్వాలో మెట్లు దిగుతూ లెక్కపెట్టుకోవడం అలవాటు. మొదట తమ్ముడు. తర్వాత వసంత. మూడో పేరు ఎప్పుడూ శేషగిరే. ఆ పేరు దగ్గర ఆగిపోయాను. ఏ మొహంతో ఇస్తాను.

దిగేసరికి తేలిపోయింది.


అదే రోజు. సాయంత్రం.

చెప్పాను.

మాధవ మొదట నవ్వాడు. "వాణ్ణి వెనకేసుకు రావడానికి చెప్తున్నావు. నాకు తెలీదా నీ సంగతి."

"కాదు. దసరా రోజు. నువ్వు కొబ్బరికాయలు మర్చిపోయావని మళ్లీ బజారుకెళ్లావు చూడు, అప్పుడు."

నవ్వు పోయింది. "మరి వాడెందుకు చెప్పలేదు?"

"నువ్వు నోరు తెరవనిచ్చావా?" అంది వసంత.

మాధవ ఆమె వంక చూడలేదు. నన్నే చూస్తున్నాడు. "నిన్న నువ్వు అక్కడే కూర్చున్నావు కదక్కా."

"కూర్చున్నాను."

"అంతా విన్నావు."

"విన్నాను. తప్పే."

పానకం గ్లాసు చేతిలోనే ఉంది వాడికి. తాగకుండా బల్ల మీద పెట్టేశాడు. లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. నాన్న పోయాక వీణ్ణి చదివించాను, వీడి పెళ్లి చేశాను. ఎప్పుడూ నన్ను అలా చూడలేదు. చూడాల్సిందే.

కాసేపటికి వచ్చి గ్లాసు తీసి గటగటా తాగాడు. "రేపు వాడి కొట్టుకి వెళ్తాను."

"నేనూ వస్తాను."


జూన్ 18.

వన్ టౌన్. తోపుడుబళ్ల మధ్య ఆటో కదలక చివరికి నడిచే వెళ్లాం.

మమ్మల్ని చూసి శేషగిరి లేచి నిలబడ్డాడు, తల షట్టరుకి తగిలింది. నేనే ముందు మాట్లాడాను. మొన్న నోరు మెదపనందుకు మన్నించమన్నాను.

"అయ్యో, అంత మాటేంటి అక్కయ్యగారూ! మీరు పేరు చెప్పారు. టిక్కు చూసుకోవాల్సినవాణ్ణి నేను."

మాధవకి క్షమాపణలు రావు. "ఏంటా మొహం? టీ చెప్పు" అన్నాడు. "మూడు చెప్పు. అక్క తాగదు, అయినా చెప్పు. నీకు రెండు." శేషగిరి నవ్వాడు. అయిపోయింది.

పానకం ఇచ్చాను. కళ్లకద్దుకున్నాడు. తర్వాత బల్ల కింద నుంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టాడు. బిగించిన ప్రతి కంప్యూటరు, ఏ కొట్టు, ఫోను నంబరు. ప్రతి పేజీ నాలుగు మూలలా పసుపు. పైన శ్రీ.

నూట యాభై పైచిలుకు. చాలావరకు మన కేబుల్ మీదవే. కొన్ని గుడివాడ, కైకలూరు, బందరు... అక్కడివాళ్లు టెలిఫోన్ లైను మీద ఇంటర్నెట్ చూస్తారు. మన గేటు మూసుకున్నా అవి ఆగేవి కావు.

పన్నెండు రోజులుంది.


జూన్ 19.

మొదటి రోజే గండి పడింది.

మిరపకాయల షావుకారు గారు. డెబ్బై దాటిన మనిషి. శేషగిరి ఆ పెట్టె తెరిచి చూపించాడు. "ఈ పేరు తీసేస్తామండీ" అన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచారు.

"స్వామి పేరు చెరిపేస్తారా? పొద్దున్నే! అదీ నా కొట్లో!"

"మారిషస్‌లో గుడి వాళ్లకి ఇబ్బందిగా ఉందటండీ..."

"స్వామి పేరు వింటే ఇబ్బంది పడే గుడి ఏం గుడయ్యా?" నా వైపు తిరిగారు. "అమ్మా, మీరు నిత్యం పారాయణ చేసుకునే మనిషి. మీరు చెప్పండి. మీ చేత్తో చెరపగలరా?"

చెరపలేను. ఆ మాటే అన్నాను.

శేషగిరి చెయ్యి కూడా మౌస్ మీద అలాగే ఉండిపోయింది. ఎంతకీ నొక్కడు.

వచ్చేశాం. అలాంటివే ఇంకో నాలుగు కొట్లు. ఒకచోట ఆ ఇంటి కోడలు తలుపు దగ్గరే ఆపేసింది. "మా అత్తగారికి తెలిస్తే ఊరుకోరండీ."

మాధవ తల పట్టుకున్నాడు. "టిక్కు పెట్టింది కంపెనీవాళ్లు, పేరు పెట్టింది మీరిద్దరు, తిట్లు తినేది నేను."


జూన్ 20.

ఉదయం దీపం పెడుతుంటే తట్టింది. జపం చేస్తాం. పేరు లోపల ఉంటుంది. పక్కింటి తలుపు కొట్టి వినిపించం కదా.

వసంత లేవగానే అడిగాను. "పేరు తియ్యాలా, టిక్కు తియ్యాలా?"

పళ్లు తోముకుంటూ ఆగిపోయింది. నోట్లో నురగతోనే ఆలోచించింది. "టిక్కు తీస్తే చాలు. పేరు ఉంటే ఉంటుంది, బయటికి చెప్పదు." ఉమ్మేసి వచ్చి మళ్లీ అంది, "రెండూ తీస్తే శుభ్రంగా ఉంటుందని తియ్యమన్నా. పేరు ఉంచినా నష్టం లేదక్కా. నేనెందుకు ఆలోచించలేదసలు!"

షావుకారు గారి దగ్గరికి మళ్లీ వెళ్లాం. పేరు ఉంచండి, టిక్కు తీసేయండి అన్నాను. కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి వంగి పరీక్షగా చూశారు. పేరు పదిలంగానే ఉంది.

"అదేదో ముందే చెప్పొచ్చుగా." తనే నొక్కుతానన్నారు. నొక్కారు. టిక్కు పోయింది. పిప్పరమెంటు బిళ్లలు ఇచ్చారు, నాకూ, శేషగిరికీ.


జూన్ 21.

అన్నిచోట్లకీ తిరగడం ఇద్దరి వల్ల కాదు. ఫోన్లో చెప్పి చేయించవచ్చా అని అడిగాను. వసంత అనుమానంగా చూసింది. "మౌస్ పట్టుకోవడమే రాదు నీకు."

నేర్పమన్నాను. ఏది నొక్కితే ఏది వస్తుంది, ఏ పెట్టె తర్వాత ఏ పెట్టె, తెలుగులో కాగితం మీద రాసుకున్నాను. మా ఆఫీసులో ఆ మొదటి కంప్యూటరు మీదే ఐదుసార్లు చేసి చూశాను. దాని టిక్కు నేనే తీశాను.

మధ్యాహ్నం నుంచి ఫోన్లు. "నమస్కారమండీ. ఇంటర్నెట్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. ఒక్క ఐదు నిమిషాలు కంప్యూటరు ముందు కూర్చుంటారా?" గొంతు దానంతటదే పాత దారిలో పడింది. తొందర లేదు. చిరాకు లేదు. అవతలి మనిషి కళ్లతో మనం చూడాలి, అది ఎక్స్ఛేంజిలో నేర్చుకున్నదే.

ఆటోనగర్ నుంచి ఒకతను, లారీ విడిభాగాల కొట్టు. "ఏ టిక్కమ్మా? నాకు కనబడేదల్లా గ్రీజు మరకలే." తుడిచి చూడమన్నాను. తుడిచాడు. కనబడింది. "ఇంతేనా! దీనికి మాధవ గారు వారం నుంచి మొహం మాడ్చుకు తిరుగుతున్నారా?"

సాయంత్రానికి పదకొండు.


జూన్ 22. ఆదివారం.

ఉత్తరం పంపాం, మారిషస్‌కి. నేను చెప్పాను, వసంత ఇంగ్లీషులో కొట్టింది. జరిగింది జరిగినట్టు. స్వామి పేరు వెయ్యమన్నది నేనని కూడా. "అది అవసరమా అక్కా" అంది. అవసరమే అన్నాను.


జూన్ 24.

జవాబు వచ్చింది!

లలిత గారట. స్కూల్లో టీచరు. గుడి మెషీన్ చూసుకునేది ఆవిడే, జీతం లేని పని. ఉత్తరం ఇంగ్లీషు. మొదటి వాక్యం మాత్రం తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో. 'అక్కగారికి నమస్కారము.' పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నారట. ముత్తాత ఈ తీరం నుంచే చెరకు తోటల్లో పనికి ఓడెక్కాడట.

'ఎవరో మా మీద కక్షకట్టారనుకున్నాం' అని రాశారు. 'మీ కంప్యూటర్లు స్వామి గుడి తలుపే కొడుతున్నాయని తెలిసి మా అమ్మ ఒకటే నవ్వు. లోపలికి రానివ్వలేకపోయాం, ఏమీ అనుకోకండి.'

రోజూ పొద్దున్నే తన చిట్టా చూసి, ఇంకా ఎన్ని వస్తున్నాయో, వేటి దగ్గర్నుంచి వస్తున్నాయో జాబితా పంపిస్తారట. వాళ్లకి మనకంటే గంటన్నర ఆలస్యంగా తెల్లవారుతుంది.

మూడుసార్లు చదివించుకున్నాను.


జూన్ 25.

మొదటి జాబితా. నాలుగు పేజీలు.

హైదరాబాద్ ఆయనకి మాధవ ఫోన్ చేశాడు, పని జరుగుతోందని. "కథలొద్దు. ముప్పయ్యో తారీకు సాయంత్రం నేనే చూస్తా. వస్తుంటే తీసేస్తా." అంతే.


జూన్ 26.

వాన. మొదటి వాన. కాలవగట్టు మీద పిల్లలు తడుస్తున్నారు. ఇరవై ముగ్గురు టిక్కు తీశారు.

జాబితా మూడు పేజీలు.


జూన్ 27.

శేషగిరి కైకలూరు వెళ్లొచ్చాడు. చెరువుల వాళ్ల ఆఫీసుల్లో ఆరు కంప్యూటర్లు. ఫోన్ ఎత్తేవాళ్లు లేక తనే వెళ్లాడు. ఆరూ చేసేశాడు. సంబరపడి వాళ్లు సంచీ నిండా చేపలిచ్చారట.

"మరేవి?" అన్నాడు మాధవ.

"అక్కయ్యగారు కూర్చునే ఆఫీసుకి ఎలా తేనండీ? బస్సులోనే కండక్టరుకి ఇచ్చేశా."

"నాకు చెప్పకుండానా! వాడెవడో కండక్టరు నాకంటే ఎక్కువయ్యాడా నీకు?"

వారం తర్వాత తమ్ముడు అరుస్తుంటే బాగుంది వినడానికి.


జూన్ 28.

పొద్దున్న జాబితా చూసి వసంత మొహం చిట్లించింది. తగ్గాల్సింది పోయి రెండు కొత్తవి. బందరు రోడ్డు మీద ఒక ఫ్యాన్సీ కొట్టు, ఒక ట్యుటోరియల్.

నోటుబుక్కులో లేవు. శేషగిరిని అడిగాను.

"అవి ఈ వారమే బిగించానండీ. రెండు కొత్త ఆర్డర్లు."

"ఏ డిస్కుతో?"

చెయ్యి జేబు మీదికి వెళ్లింది.

ఊరంతా తిరిగి టిక్కులు తీస్తున్నాం. టిక్కు పెట్టే డిస్కు అతని జేబులోనే ఉంది. నేనూ అడగలేదు ఇన్నాళ్లూ.

డిస్కు బయటికి తీశాడు. పారేద్దామా అంటే ఒప్పుకోలేదు, చేతికి కలిసొచ్చిందట. సరే. నా ఎదురుగా కూర్చుని టిక్కు తీసి కొత్త కాపీ చేశాడు. పేరు అలాగే ఉంది. కొత్త డిస్కు మూలన పసుపు పెట్టాడు. పసుపు వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.


జూన్ 29. ఆదివారం.

జాబితా అర పేజీ. లలిత గారి మెషీన్ మూడు రోజులుగా ఆగలేదట. వాళ్ల గుడిలో మా అందరి పేరునా అర్చన చేయించారు. గోత్రం అడగలేదు, అందరిదీ స్వామి గోత్రమనే చెప్పారట.

సాయంత్రానికి మిగిలినవి మూడు. రెండు ఫోన్లో అయిపోయాయి.

మూడోది మన కేబుల్ మీదే. బట్టల కొట్టు. తాళం. ఎదురు కొట్టువాళ్లని అడిగాం. "మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వెళ్లారండీ, మంగళవారం వస్తారు. వెళ్లేటప్పుడు కంప్యూటరు ఆపితే వ్యాపారం ఆపినట్టుంటుందని నడుస్తూనే వదిలేశారు."

షట్టరుకి చెవి పెట్టి విన్నాను. లోపల సన్నగా ఫ్యాను చప్పుడు. యజమాని అక్కడ క్యూలో నిలబడి గోవిందా అంటున్నాడు. ఇక్కడ ఇది గంటకోసారి మారిషస్‌ని పిలుస్తోంది.

"తీగ కోసెయ్యనా?" అన్నాడు మాధవ.

"డబ్బు కట్టిన మనిషి. లేని సమయం చూసి కోస్తామా. హైదరాబాద్ వాళ్లు మనకి చేస్తామన్నదీ అదేగా."

కోయలేదు.


జూన్ 30. సోమవారం.

ఇవాళే.

రెండింటికి మబ్బు కమ్మింది. రెండున్నరకి గాలివాన. కరెంటు పోయింది. వన్ టౌన్, ఆటోనగర్, అంతటా. ఇన్వర్టరు మీద వసంత మెషీన్లు రెండు మాత్రం నడుస్తున్నాయి.

"ఇది పరీక్షక్కా" అంది. "కరెంటు రాగానే అన్ని కొట్లలోనూ ఒక్కసారే ఆన్ చేస్తారు. తీయని టిక్కు ఎక్కడున్నా అప్పుడే మొదటినుంచి అరుస్తుంది. అక్కడ హైదరాబాద్ ఆయన అదే సమయంలో చూస్తుంటాడు."

"మంచిదేగా. నిజం తెలుస్తుంది."

శేషగిరి తడిసి వచ్చాడు, చంకలో నోటుబుక్కు ప్లాస్టిక్ సంచీలో చుట్టుకుని. మాధవ తన తువ్వాలు విసిరాడు అతని మీదికి. దేవుడి గూట్లో దీపం పెట్టాను. ఏమీ కోరలేదు. ఎందుకో కోరాలనిపించలేదు... మనసు నిమ్మళంగా ఉంది.

ఇది రాస్తుండగానే...

నాలుగూ పది. ఫ్యాను తిరిగింది.

వసంత తెర ముందు వంగింది. వరుసలు పైకి పోతున్నాయి, బజారంతా లేస్తోంది. అవన్నీ అడిగేవి, పర్వాలేదు అంటోంది. మిరపకాయల కొట్టు లేచింది. ఏమీ చెప్పలేదు. ఆటోనగర్ లేచింది. ఏమీ చెప్పలేదు. శేషగిరి నోటుబుక్కు తెరిచి ఒక్కో పేరు మీదా వేలు జరుపుతున్నాడు.

"ఒకటి" అంది వసంత.

బట్టల కొట్టు. తాళం వేసిన గదిలో తనంతట తానే లేచింది.

మాధవ గోడకి ఆనుకున్నాడు. "ఇంకా?"

"ఉండన్నయ్యా."

రెండో దాని కోసం చూస్తున్నాం. ఐదు నిమిషాలు. నోటుబుక్కులో శేషగిరి వేలు చివరి పేజీలో ఉంది. అప్పటికీ ఆ ఒకటే.

ఫోను మోగుతోంది. హైదరాబాద్ నంబరే. మాధవ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నువ్వు ఎత్తక్కా. నీ గొంతైతే వింటారు."

ఆ ఒక్కటి ఎక్కడిదో, ఎందుకో, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పెన్ను ఇక్కడ పెడుతున్నాను.